ప్రయోగం సరిగ్గా ఏ నిమిషంలో వికటించింది? పాత సైన్స్ ఫిక్షన్ భయానక చిత్రాల మీద చర్చ

పాతరీలు
శనివారం, రాత్రి 9:12

నిన్న రాత్రి 1931 నాటి ‘ఫ్రాంకెన్‌స్టైన్’ మళ్లీ చూశాను. ఇప్పటికి ఎన్నిసార్లు చూశానో లెక్క లేదు గానీ, ఈసారి ఒకచోట ఆపి, వెనక్కి తిప్పి మూడుసార్లు చూశాను.

హెన్రీ ఫ్రాంకెన్‌స్టైన్ ప్రాణం పోసిన జీవి తొలిసారి మన కళ్ళ ముందుకు వచ్చే ఘట్టం అది. (అతన్ని ‘అది’ అనడానికి నాకు మనసొప్పదు, ‘అతను’ అనే రాస్తాను.) వీపు మనవైపు పెట్టి, వెనక్కి అడుగులు వేస్తూ తలుపులోంచి వస్తాడు. మెల్లగా ఇటు తిరుగుతాడు. హెన్రీ అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, పైకప్పులోని కిటికీ తెరుస్తాడు. వెలుగు ముఖం మీద పడుతుంది. అంతవరకూ చీకట్లోనే ఉంచారు కాబట్టి అతనికి వెలుగంటే ఏమిటో తెలియదు. తల పైకెత్తి చూసి, లేచి నిలబడి, రెండు చేతులూ చాచి దాన్ని పట్టుకోబోతాడు. హెన్రీ కిటికీ మూసేస్తాడు. అప్పుడు ఆ చేతులు కిందికి దిగి, హెన్రీ ముందు అరచేతులు తెరుచుకుని ఆగుతాయి. మాట లేదు. వెనక సంగీతమూ లేదు. ఆ పాత్ర వేసిన బోరిస్ కార్లాఫ్ చేతులే అన్నీ చెబుతాయి.

ఆ వెంటనే హెన్రీ సహాయకుడు ఫ్రిట్జ్ కాగడా పట్టుకుని వస్తాడు. నిప్పు చూసి బెదిరినవాణ్ని, మీద పడుతున్నాడనుకుని కట్టేస్తారు. కింద చీకటి గదిలో గొలుసులు వేస్తారు.

ఈ సినిమా గురించి ఎవరిని అడిగినా ‘వికటించిన ప్రయోగం’ అంటారు. నాకు అలా అనిపించదు. ప్రాణం పోయాలనుకున్నాడు, పోశాడు. ప్రయోగం ఫలించింది. చెడింది ఆ తర్వాతే, కిటికీ మూసిన నిమిషంలో.

మీరూ తలా ఒక చిత్రం తీసుకుని, అందులో పని చెడిన నిమిషం ఏదో చెప్పండి. రాక్షసాకారం ఎంత భయపెట్టిందన్నది పక్కన పెడదాం. ఎక్కడ చెడిందో వెతుకుదాం.

మైక్రోస్కోపు
శనివారం, రాత్రి 9:58

ప్రశ్న చాలా నచ్చింది, జవాబు మాత్రం ఒప్పుకోలేను. నేను ప్రయోగశాలలోనే పని చేస్తాను. ఆ సినిమాలో నన్ను వణికించే చోటు వేరు.

ఫ్రిట్జ్ వైద్య కళాశాలలో చొరబడి మంచి మెదడున్న సీసా చేజార్చి పగలగొడతాడు. పక్కనున్న రెండోది పట్టుకుపోతాడు. దాని మీద ‘అసాధారణ మెదడు’ అని చీటీ అతికించే ఉంది. ఫ్రిట్జ్ ఆ సంగతి చెప్పడు, హెన్రీ చూసుకోడు. ఆ మెదడు నేరస్థుడిదని హెన్రీ గురువు డాక్టర్ వాల్డ్‌మన్ వచ్చి చెప్పేదాకా తెలియనే తెలియదు. అప్పుడు హెన్రీని గమనించండి. ఒక్క క్షణం తడబడతాడు. తర్వాత, అదెంత, చచ్చిన కణజాలం ముక్కే కదా అని కొట్టిపారేస్తాడు.

ఆ ధోరణి నేను దగ్గరనుంచి చూశాను. కొన్నేళ్ళ క్రితం నేను పనిచేసిన చోట నమూనాల గొట్టాల మీద చీటీలు తారుమారయ్యాయి. మాలో ఒకరు గమనించి చెప్పారు కూడా. ‘ఫలితాలు బాగానే వస్తున్నాయిగా’ అని పని కొనసాగించాం. మూడు వారాల తర్వాత అంతా పారబోసి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. ఎవరికీ ఏ హానీ జరగలేదు. అయినా ఆ రాత్రి గొట్టాలు ఒక్కొక్కటే ఖాళీ చేస్తుంటే నాకు హెన్రీ తడబాటే గుర్తొచ్చింది.

దీనికి తోడుగా 1933లో వచ్చిన ‘ది ఇన్విజిబుల్ మ్యాన్’ చూడండి. ‘ఫ్రాంకెన్‌స్టైన్’ తీసిన జేమ్స్ వేలే దీనికీ దర్శకుడు. కంటికి కనబడకుండా పోయే శాస్త్రజ్ఞుడు గ్రిఫిన్ వాడిన మందు పేరు మోనోకేన్. అది రంగును పీల్చేస్తుందని ఇంగ్లిష్ పుస్తకాల్లో ఉంది. దాన్ని ఒక కుక్క మీద ప్రయోగిస్తే ఆ కుక్క తెల్లబడడమే కాక పిచ్చెక్కిపోయిందన్నది ఆ తర్వాత జరిగిన జర్మన్ ప్రయోగంలో తేలింది. గ్రిఫిన్ చదివింది పాత పుస్తకాలు. ఈ సంగతి గ్రిఫిన్‌కు పని ఇచ్చిన డాక్టర్ క్రాన్‌లీ ఎంతో మామూలు గొంతుతో చెబుతాడు. ఆ సినిమాలో ఎగిరే టోపీలు, ఖాళీ చొక్కాలు అందరికీ గుర్తుంటాయి. నాకు ఆ సంభాషణే గుర్తుంటుంది. ఒక మనిషి ఒక పుస్తకం చదవలేదు, ఊళ్ళకు ఊళ్ళు హడలిపోయాయి.

కాబట్టి పని చెడేది ప్రయోగం తర్వాత కాదు, ముందే అంటాను.

పాతరీలు
శనివారం, రాత్రి 10:20

మైక్రోస్కోపు గారూ, గ్రిఫిన్ విషయంలో మీ మాటకు తిరుగులేదు. మెదడు విషయంలో మాత్రం ఒకటి చెప్పనివ్వండి. మేరీ షెల్లీ 1818లో ప్రచురించిన నవలలో సీసాలు లేవు, నేరస్థుడి మెదడు లేదు. అక్కడ జీవి కన్ను తెరవగానే విక్టర్ గదిలోంచి పారిపోయి, తన పడకగదిలోకి వెళ్ళి పడుకుంటాడు. అంతే. మెదడు మార్పు సినిమా వాళ్ళు చేర్చింది. అది చేర్చాక ప్రేక్షకులకు తేలికైన సమాధానం దొరికింది: పాపం హెన్రీది కాదు, ఆ మెదడుది. కథ బలాన్ని ఆ సీసా కొంత తగ్గించిందనే నా బాధ.

అంత సీసా పెట్టి కూడా జేమ్స్ వేల్ ఆ చేతుల్ని అలా చూపించాడు. సీసా చెప్పేదాన్ని చేతులు కాదంటాయి.

చీకటిగది
శనివారం, రాత్రి 11:41

నాకు ఛాయాగ్రహణం మీద పిచ్చి, అందుకే ఈ చిత్రాలను నేను ఆ వైపునుంచే చూస్తాను. 1931 చివర్లో వచ్చిన ‘డాక్టర్ జెకిల్ అండ్ మిస్టర్ హైడ్’ గురించి కాస్త వివరంగా రాస్తాను.

రూబెన్ మమూలియన్ దర్శకుడు, కార్ల్ స్ట్రస్ ఛాయాగ్రాహకుడు. తన మందుతో హైడ్ అనే దుర్మార్గుడిగా మారిపోయే డాక్టర్ జెకిల్ పాత్రలో ఫ్రెడ్రిక్ మార్చ్ అద్దం ముందు మందు తాగుతాడు. కెమెరా ఆగదు, కోత లేదు, మన కళ్ళ ముందే అతని ముఖం నల్లబడుతుంది, ముడతలు దిగుతాయి, కళ్ళ కింద గుంటలు పడతాయి. ఇది ఎలా తీశారన్నది మమూలియన్ చాలా ఏళ్ళు బయటపెట్టలేదు. అసలు కిటుకు ఇది: మార్చ్ ముఖం మీద ముడతలు, నీడలు రంగుల్లో ముందే వేసేశారు. సినిమా నలుపు తెలుపు. కెమెరా ముందు ఆ రంగుకు సరిపడే గాజు ఉన్నంతసేపూ ఆ గీతలు చర్మంలో కలిసిపోయి కనబడవు. గాజును మెల్లగా జరిపి వేరే రంగు గాజు తెచ్చేసరికి అవే గీతలు నల్లగా తేలతాయి.

నమ్మకం కుదరక ఇంట్లో నేనే చేసి చూశాను. తెల్ల కాగితం మీద ఎర్ర పెన్సిలుతో ఒక ముఖం గీసి, నుదుటి మీద నాలుగు ముడతలు పెట్టి, ఎర్ర గాజు పలక అడ్డుపెట్టాను. గీతలన్నీ మాయం. ఎర్రటి ఖాళీ కాగితం. ఆకుపచ్చ పలక పెట్టగానే మొత్తం ముఖం నల్లగా పైకి లేచింది. నేనే గీసిన బొమ్మే, అయినా ఒళ్ళు జలదరించింది. అప్పుడు అర్థమైంది ఆ సన్నివేశం ఎందుకంత లోతుగా తగులుతుందో. హైడ్ బయటనుంచి రాలేదు. అతను మొదటినుంచీ ఆ ముఖం మీదే ఉన్నాడు. మన కంటికి అడ్డంగా ఉన్న గాజు మారింది, అంతే. కథ చెప్పేదాన్నే కెమెరా కూడా చేసింది.

ఇక మీరు అడిగిన నిమిషం. మందు తాగిన నిమిషం కాదు. జెకిల్ ఇక మందు ముట్టనని నిశ్చయించుకుని, సంతోషంగా పార్కులో బెంచీ మీద కూర్చుంటాడు. చెట్టు మీద పక్షి పాడుతుంది. ఆ పాటకు మురిసిపోయి ఒక కవితా పాదం చెప్పుకుంటాడు. కొమ్మ మీద పిల్లి పాకుతూ వచ్చి పక్షి మీద పడుతుంది. అది చూస్తూ చూస్తూ అతను హైడ్ అయిపోతాడు. మందు లేదు, ప్రయోగశాల లేదు. ప్రయోగం చేసినవాడి చేతుల్లోంచి ప్రయోగం జారిపోయిన నిమిషం అదే. ఆ వేషానికి మార్చ్‌కు ఆస్కార్ వచ్చింది.

తర్వాత 1941లో ఇదే కథను మళ్లీ తీసిన సంస్థ పాత చిత్రం హక్కులు కొని, దాన్ని చలామణిలో లేకుండా చేసింది. ఎన్నో ఏళ్ళు జనం దీన్ని చూడలేకపోయారు. తలచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

ఉల్క
ఆదివారం, ఉదయం 7:05

అందరూ బాగా రాస్తున్నారు. అయినా నా మనసులో చాలాకాలంగా ఉన్న అభ్యంతరం చెప్పాలి. ఈ చిత్రాల్లో సగానికి పైగా శాస్త్రజ్ఞుణ్ని దోషిగా నిలబెడతాయి. తెలుసుకోవాలన్న కోరికే పాపమన్నట్టు మాట్లాడతాయి. ‘మనిషి జోలికి పోకూడని విషయాలు కొన్ని ఉన్నాయి’ అని చివర్లో ఎవరో ఒక పెద్దమనిషి చెప్పడం, మనం తలూపడం. టీకాలు కనిపెట్టింది కూడా జోలికి పోయినవాళ్ళే కదా.

ఈ అభ్యంతరానికి నిలబడిన చిత్రం నాకు ఒకటే కనబడింది, బాంబు పరీక్షలు కదిలించిన సముద్ర రాక్షసి కథ, 1954 నాటి జపాన్ ‘గొజిలా’. దాని వెనక నిజంగా వికటించిన ప్రయోగం ఉంది.

1954 మార్చి 1న అమెరికా బికినీ దీవుల దగ్గర ఒక హైడ్రోజన్ బాంబును పరీక్షించింది. దాని శక్తి సుమారు 6 మెగాటన్నులు ఉంటుందని లెక్క వేశారు. 15 మెగాటన్నులు వచ్చింది. బాంబు ఇంధనంలోని లిథియం-7 ఏ పాత్రా లేకుండా ఊరుకుంటుందని అనుకున్నారు, అది ఊరుకోలేదు. లెక్కలో ఒక్క మూలకం రూపాన్ని తేలికగా తీసుకున్నందుకు రెండున్నర రెట్లు పెద్ద విస్ఫోటం. ప్రమాద ప్రాంతమని ప్రకటించిన హద్దుకు బయట చేపలు పడుతున్న జపాన్ పడవ ‘ఐదో ఫుకుర్యూ మారు’ మీద తెల్లటి బూడిద గంటల తరబడి కురిసింది. అందులో 23 మంది ఉన్నారు. అందరూ జబ్బుపడ్డారు. పడవలో రేడియో పని చూసే ఆయన సెప్టెంబరులో కన్నుమూశారు. పడవ పేరులోని ‘ఫుకుర్యూ’ అంటే అదృష్ట డ్రాగన్ అని అర్థం.

నవంబరు 3న ‘గొజిలా’ విడుదలైంది. తొలి సన్నివేశంలో సముద్రం మీద కళ్ళు చెదిరే మెరుపు, మంటల్లో ఒక ఓడ. ఆ రోజు థియేటర్‌లో కూర్చున్నవాళ్ళకు దాని అర్థం ఎవరూ విడమర్చి చెప్పనక్కర్లేదు. దర్శకుడు ఇషిరో హోండా యుద్ధం నుంచి తిరిగివస్తూ హిరోషిమా శిథిలాల మీదుగా ప్రయాణించిన మనిషి.

అందులో డాక్టర్ సెరిజావా అని ఒక శాస్త్రజ్ఞుడు. నీటిలోని ఆక్సిజన్‌ను నాశనం చేసే మార్గం కనిపెడతాడు. చేపల తొట్టిలో ఒక్క గుళిక వేస్తే చేపలు ఎముకలైపోతాయి. గొజిలాను చంపగలిగింది అదొక్కటే. అయినా ఇవ్వనంటాడు. ఇస్తే రేపు దేశాలు దాన్నే ఆయుధం చేసుకుంటాయని అతని భయం. చివరికి ఒప్పుకుని, ముందుగా తన కాగితాలన్నీ పొయ్యిలో వేసి కాలుస్తాడు. తర్వాత సముద్రంలోకి దిగి, పని ముగించి, తన తాడు తానే కోసుకుంటాడు. తెలిసిన విషయం తన తలలో మిగిలినా ముప్పే అనుకున్నాడు.

పాతరీలు గారూ, మీరు చెప్పిన ‘తర్వాతి నిమిషం’ గురించి ముందే ఆలోచించిన శాస్త్రజ్ఞుడు నాకు తెలిసి ఇతనొక్కడే. అందుకే నాకు అతను హెన్రీ కంటే, గ్రిఫిన్ కంటే, వీళ్ళందరికంటే పెద్దవాడు.

నిర్వాహకులు
ఆదివారం, ఉదయం 8:30

చర్చ చాలా బాగా సాగుతోంది. కథల ముగింపులు ఇక్కడ బయటపడుతున్నాయని కొత్తగా వచ్చేవారు గమనించగలరు.

శరద్రాత్రి
ఆదివారం, మధ్యాహ్నం 2:17

రెండు ‘ఫ్లై’ చిత్రాల గురించి ఎవరూ ఎత్తలేదు. నేను రాస్తాను. ఇది రాయడానికి నాకు కొంచెం ధైర్యం కావలసి వచ్చింది.

1958 చిత్రంలో ఆంద్రే అనే శాస్త్రజ్ఞుడు వస్తువులను ఒక పెట్టెలో మాయం చేసి మరో పెట్టెలో ప్రత్యక్షం చేసే యంత్రం తయారు చేస్తాడు. మొదట ఒక చిన్న పళ్ళెం పంపితే దాని వెనక ఉన్న అక్షరాలు అద్దంలోలా తిరగబడి వస్తాయి. తర్వాత ఇంట్లోని పిల్లిని పెడతాడు. పిల్లి తిరిగి రాదు, గాలిలో ఎక్కడో దాని అరుపు మాత్రం వినిపిస్తుంది. ఇవన్నీ జరిగాక, సరిచేశాననుకుని, తానే లోపలికి వెళ్తాడు. ఒక ఈగ కూడా వెళ్తుంది. బయటికి వచ్చేసరికి తల, ఒక చెయ్యి ఈగవి.

ఈ చిత్రాన్ని చాలామంది సాలెగూటి దృశ్యం కోసం గుర్తుపెట్టుకుంటారు. నాకు గుర్తుండేది నల్లబల్ల. అతనికి మాట పోయింది. తల మీద గుడ్డ కప్పుకుని, భార్య హెలెన్‌తో రాతలోనే మాట్లాడతాడు. మొదట్లో చీటీల మీద పొందికగా టైపు చేసి ఇస్తాడు. రోజులు గడిచేకొద్దీ మనసు కూడా ఈగ వశమవుతుంది. చివరికి నల్లబల్ల ముందు నిలబడి, ఒక చేతిని మరో చెయ్యి లాగేస్తుంటే, వంకర అక్షరాలతో ప్రేమిస్తున్నానని రాస్తాడు.

మా నాన్నగారికి చివరి నెలల్లో మాట పడిపోయింది. పలక మీద రాసి చూపేవారు. మొదట వాక్యాలు. తర్వాత మాటలు. తర్వాత అక్షరాలు పెద్దవై, పలక అంచు దాటిపోయేవి. ఒకరోజు ఆయన చాలాసేపు కష్టపడి రాసింది నాకు చదవడం రాలేదు. తల ఊపాను, అర్థమైనట్టు. ఆయన నా ముఖం చూసి పలక తుడిచేశారు. ఆ తర్వాత కొన్నేళ్ళకు ఈ చిత్రం చూశాను. నల్లబల్ల దగ్గరికి వచ్చేసరికి ఆపేశాను. మిగతాది వారం తర్వాత చూశాను.

1986లో డేవిడ్ క్రోనెన్‌బర్గ్ తీసినది ఇంకా దగ్గరగా వెళ్తుంది. జెఫ్ గోల్డ్‌బ్లమ్ పాత్ర సెత్ బ్రండల్ ఒక్కసారిగా మారడు. ముందు బలం వస్తుంది, ఉత్సాహం వస్తుంది, కాఫీలో చెంచాల కొద్దీ చక్కెర. తర్వాత గోళ్ళు ఊడతాయి, పళ్ళు రాలతాయి, చెవి ఊడిపోతుంది. రాలినవన్నీ స్నానాలగదిలోని అద్దం అలమారాలో దాచుకుంటాడు. భయంకరమైన మేకప్ అనే అందరూ అంటారు, దానికి ఆస్కార్ కూడా వచ్చింది. నాకు మాత్రం అందులో జబ్బుపడిన మనిషి తన ఒంటిని తానే వింతగా చూసుకునే చూపు కనిపిస్తుంది. అప్పట్లో ఎయిడ్స్ భయం గురించి తీశారని చాలామంది అనుకున్నారు. వృద్ధాప్యం, వ్యాధి, మరణం ఎవరికైనా వచ్చేవేనని క్రోనెన్‌బర్గ్ చెప్పారు. నేను ఆయన మాటే తీసుకుంటాను.

నిమిషం చెప్పమన్నారు. రెండు చిత్రాల్లోనూ ఒకటే: పక్కన ఎవరూ లేకుండా లోపలికి అడుగుపెట్టి తలుపు వేసుకున్న నిమిషం. ఆంద్రే భార్య మేడమీదే ఉంది, పిలవలేదు. బ్రండల్ తాగి, అసూయతో మండిపోతూ ఒంటరిగా వెళ్ళాడు. ఇంకొకరు అక్కడ ఉంటే ఈగ కనబడేది.

మైక్రోస్కోపు
ఆదివారం, మధ్యాహ్నం 3:02

శరద్రాత్రి గారూ, రెండుసార్లు చదివాను. రాసినందుకు కృతజ్ఞతలు.

మీ చివరి మాటకు ఒక చిన్న జోడింపు. 1986 చిత్రంలో యంత్రానికి బుర్ర కంప్యూటర్. ముందు ఒక బబూన్ కోతిని పంపితే లోపలిది బయటికి తిరగబడి చచ్చింది. తర్వాత బ్రండల్ మాంసం ముక్కను పంపి, ప్రియురాలు వెరోనికాతో రుచి చూపించి, యంత్రానికి మాంసమంటే ఏమిటో తెలియడం లేదని గ్రహించి నేర్పుతాడు. అంత జాగ్రత్తపరుడు. కానీ లోపల రెండు ప్రాణులు కనబడితే ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు. అది ఆగి అడగలేదు. తనకు తోచినట్టు రెండింటినీ కలిపేసింది. తెర మీద ఆ మాట ప్రశాంతంగా ప్రత్యక్షమయ్యే దృశ్యం నాకు ఆ సినిమాలోని అన్ని గాయాలకంటే భయంకరం. యంత్రం దృష్టిలో ప్రయోగం విజయవంతం.

కొత్తచూపు
ఆదివారం, సాయంత్రం 6:44

నమస్కారం. ఇక్కడ నేను కొత్త. ఈ చిత్రాల్లో ఒక్కటీ చూడలేదు. రక్తం, కోతలు చూస్తే నాకు కళ్ళు తిరుగుతాయి, అందుకే ‘భయానక’ అన్న మాట కనబడగానే దాటేసేదాన్ని. శరద్రాత్రి గారి నల్లబల్ల చదివాక చూడాలనిపిస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

చీకటిగది
ఆదివారం, సాయంత్రం 7:15

రక్తం పడదంటే 1956 ‘ఫర్బిడెన్ ప్లానెట్’ చూడండి. రంగుల చిత్రం, దూరపు గ్రహం, చక్కటి దృశ్యాలు. క్రెల్ అనే ప్రాచీన జాతి ఊహను వస్తువుగా మార్చే యంత్రం కట్టుకుని, ఒక్క రాత్రిలో అంతరించిపోయింది. ఆ యంత్రం ఒక్కో వైపు 20 మైళ్ళ ఘనాకారం. ఆ గ్రహం మీద ఉంటున్న శాస్త్రజ్ఞుడు డాక్టర్ మోర్బియస్ క్రెల్ జాతి పరికరంతో తన మేధస్సు పెంచుకుంటాడు. అప్పటినుంచి అతను నిద్రపోయినప్పుడల్లా అతని మనసు అడుగున ఉన్న కోపం ఆకారం దాల్చి బయట తిరుగుతుంది, అది తనదేనని అతనికే తెలియదు. ఆ ఆకారం కంటికి కనబడదు, విద్యుత్ కంచెలో చిక్కుకున్నప్పుడు మాత్రం ఎర్రటి గీతల్లో మెరుస్తుంది. ఆ గీతలు వేసినాయన డిస్నీ సంస్థ నుంచి అరువుగా వచ్చిన చిత్రకారుడు జాషువా మీడర్. ఇక శబ్దం: లూయీ, బెబీ బారన్ దంపతులు తామే తయారు చేసిన విద్యుత్ వలయాలతో మొత్తం నేపథ్యం కూర్చారు. ఆ వలయాలు కాలిపోతూ చేసే ధ్వనులను కూడా పట్టుకున్నారు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినండి.

‘ఐస్ వితవుట్ ఎ ఫేస్’ మాత్రం ఇప్పుడే వద్దు. 1960 నాటి ఫ్రెంచి చిత్రం, గొప్పది. కానీ అందులో ఒక శస్త్రచికిత్స ఉంది, కెమెరా కన్ను తిప్పుకోదు.

ఉల్క
ఆదివారం, సాయంత్రం 7:50

‘ఫర్బిడెన్ ప్లానెట్’ మంచి ఎంపిక. నా అభ్యంతరం అందులో కొంత కరుగుతుంది కూడా. అక్కడ చెడింది జ్ఞానం కాదు, తన కోపం తనకు తెలియకపోవడం.

పాతరీలు
ఆదివారం, రాత్రి 9:30

కొత్తచూపు గారూ, స్వాగతం. నేనైతే మొదట ‘ఫ్రాంకెన్‌స్టైన్’ చూడమంటాను. గంటా పది నిమిషాల సినిమా, రక్తం దాదాపు లేదు. పేర్లు వచ్చేటప్పుడు గమనించండి, జీవి పాత్రధారి పేరు ఉండాల్సిన చోట ప్రశ్నార్థకం ఉంటుంది. చివర్లో మాత్రమే కార్లాఫ్ పేరు వేస్తారు. ప్రయోగశాలలో నిప్పురవ్వలు చిమ్మే ఆ యంత్రాలన్నీ కెన్నెత్ స్ట్రిక్‌ఫాడెన్ అనే ఆయన తయారు చేసినవి. 1974లో ఇదే కథ మీద హాస్యచిత్రం తీసినప్పుడు ఆయన దగ్గర భద్రంగా ఉన్న అవే యంత్రాలను మళ్లీ తెచ్చి వాడారు.

ఒక్క విషయం చెప్పి పంపుతాను. చెరువు గట్టు మీద మరియా అనే చిన్నపిల్లతో అతను పూలు నీటిలోకి విసిరే ఘట్టం ఉంది. దాన్ని తర్వాతి విడుదలల్లో కత్తిరించారు. అతను పిల్లవైపు చేతులు చాచేదాకా ఉంచి, ఆ తర్వాతది తీసేశారు. ఏం జరిగిందో తెలియక చూసినవాళ్ళు ఇంకా ఘోరమైనది ఊహించుకున్నారు. పిల్ల కూడా పువ్వులాగే తేలుతుందనుకుని విసిరాడన్న అసలు సంగతి కొన్ని దశాబ్దాలపాటు చీకట్లోనే ఉండిపోయింది. 1980లలో ఆ ముక్క తిరిగి చేరింది. అతని మీద జరిగిన అన్యాయాల్లో ఇదొకటి, సినిమా బయట జరిగింది. ‘దేవుడిగా ఉండడమంటే ఏమిటో ఇప్పుడు తెలిసింది’ అన్న హెన్రీ మాటను కూడా ఉరుము చప్పుడుతో కప్పేశారు.

మీరు చూసేది పూర్తి ప్రతి అయ్యేలా చూసుకోండి.

చీకటిగది
ఆదివారం, రాత్రి 10:05

మరియా పేరెత్తారు కాబట్టి: 1955 బ్రిటిష్ చిత్రం ‘ది క్వాటర్‌మాస్ ఎక్స్‌పెరిమెంట్’లో దానికి జవాబు ఉంది. ముగ్గురు అంతరిక్షంలోకి వెళ్తారు, ఒక్కడే తిరిగి వస్తాడు. అతని ఒళ్ళు మెల్లగా వేరేదేదో అయిపోతుంటుంది. రిచర్డ్ వర్డ్స్‌వర్త్ ఆ వేషంలో మాట్లాడడు, కళ్ళతోనే వేడుకుంటాడు. నీటి పక్కన ఆడుకుంటున్న చిన్నపిల్ల అతన్ని ఆటకు పిలుస్తుంది. అతను ఆమె బొమ్మను విరగ్గొట్టి, తనను తాను బలవంతంగా లాక్కుపోతాడు. పిల్లను ముట్టడు. తన చేతులు ఏం చేయగలవో అతనికి తెలుసు.

చివర్లో ఆ జీవిని చంపేశాక, వాళ్ళను రాకెట్‌లో పంపిన ప్రొఫెసర్ క్వాటర్‌మాస్ చీకట్లోకి నడిచిపోతాడు. ఇప్పుడేం చేస్తారని అడిగితే మళ్లీ మొదలుపెడతానంటాడు. ఇంకో రాకెట్ పైకి లేస్తుంది. పాతరీలు గారి కిటికీ మళ్లీ మూసుకున్న చోటు అదే.

కొత్తచూపు
సోమవారం, రాత్రి 11:18

ఇప్పుడే ‘ఫ్రాంకెన్‌స్టైన్’ పూర్తయింది. పూర్తి ప్రతే చూశాను.

పాతరీలు గారు చెప్పిన చేతుల కోసం ఎదురుచూస్తూ కూర్చున్నాను. కిటికీ దగ్గర చూశాను, మీరు రాసినట్టే ఉంది. కానీ అవే చేతులు మళ్లీ చెరువు దగ్గర కనిపించాయి. మరియా తన పూలలో కొన్ని అతనికి ఇస్తుంది. అతను వాటిని వాసన చూసి నవ్వుతాడు. సినిమా మొత్తంలో అతను నవ్వింది అక్కడే. ఒక్కొక్కటే నీటిలోకి వేస్తారు, తేలుతుంటాయి. పూలు అయిపోతాయి. అప్పుడు అతను తన ఖాళీ చేతులు చూసుకుంటాడు. వెలుగు పోయినప్పుడు చూపిన చేతులే. తర్వాతే ఆ పిల్లవైపు చూస్తాడు.

అక్కడ ఆపి కాసేపు బయటికి వెళ్ళి వచ్చాను.

తర్వాత ఏది చూడను?

శరద్రాత్రి
సోమవారం, రాత్రి 11:40

1935 ‘బ్రైడ్ ఆఫ్ ఫ్రాంకెన్‌స్టైన్’ చూడండి. అందులో అతనికి అడవిలో ఒక గుడ్డి ముసలాయన తలుపు తీస్తాడు. లోపలికి రమ్మని, చెయ్యి పట్టుకుని కూర్చోబెడతాడు.